ఐరీనమ్మకు పంపిన గిన్నె

మా బావ వేణుమాధవ్‌ని ఎవరైనా భోజనానికి పిలిస్తే, వడ్డించేలోపే ప్లేటు తిరగేసి అడుగున ఏముందో చూస్తాడు. తెలియనివాళ్ళు ప్లేటు సరిగ్గా కడగలేదేమోనని కంగారుపడి ఇంకొకటి తెచ్చిపెడతారు. దాన్నీ తిరగేస్తాడు. పక్కనుంచి మా మీనాక్షక్క మోచేత్తో పొడుస్తుంది. పెళ్ళయి పాతికేళ్ళు దగ్గరపడుతున్నా ఆవిడ పొడవడమూ మానలేదు, ఆయన తిరగెయ్యడమూ మానలేదు.

అలవాటు వెనక కథ చిన్నదే. రేపల్లెలో వాళ్ళింట్లో స్టీలు సామానంతా పేర్లు కొట్టించినది. ఏ గిన్నె ఎవరి పెళ్ళిలో ఎవరు చదివించారో, ఏ పళ్ళెం ఏ గృహప్రవేశానికి వచ్చిందో దాని మీదే చెక్కి ఉండేది. చిన్నప్పుడు బావ అన్నానికి మారాం చేస్తే వాళ్ళమ్మ సుభద్రమ్మగారు గిన్నె తిరగేసి "ఎవరిచ్చారో చదివి చెప్పు, అప్పుడు ముద్ద పెడతా" అనేవారట. వీడికి పలక మీద కంటే ముందు గిన్నెల అడుగునే అక్షరాలు వచ్చాయని ఆవిడ ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు. ఆవిడని నేను అత్తయ్యగారనే పిలుస్తాను.

బావ అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లో ఒక డేటా సెంటర్‌లో పని చేస్తాడు. నెమ్మదైన మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. కొత్తగా వచ్చిన పిల్లలకి అపార్ట్‌మెంట్ చూసిపెట్టడం, ఎవరి తల్లిదండ్రులో దిగుతున్నారంటే డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి తీసుకురావడం, గుళ్ళో వడ్డనకి నిలబడడం, అన్నీ అడక్కుండానే చేస్తాడు. చెడ్డవాడైతే నాకీ కథ రాయడం తేలికయ్యేది.

ఆ మధ్యెప్పుడో అక్క డైనింగ్ టేబుల్ కొందామని లీస్‌బర్గ్‌లో ఒక ఎస్టేట్ సేల్‌కి తీసుకెళ్ళింది. ఇంటి పెద్దాయన పోతే పిల్లలు వచ్చి ఇంట్లో సామానంతా అమ్మేసే అమ్మకం అది. అక్క టేబుల్ కాళ్ళు ఊపి చూస్తుంటే బావ అలమారలోని తెల్లటి పింగాణీ కప్పు తీసి, అలవాటు చొప్పున తిరగేశాడు. అడుగున ఒక గద్ద. దాని గోళ్ళ మధ్య స్వస్తిక్. కింద యుద్ధకాలపు సంవత్సరం. చనిపోయిన పెద్దాయన కుర్రతనంలో జర్మనీలో యుద్ధం చేసి, వాళ్ళ సైన్యం తాగిన కప్పుని గుర్తుగా ఇంటికి తెచ్చుకున్నాడు. అక్క టేబుల్ కొనలేదు. బావ కప్పు కొన్నాడు.

అక్కడినుంచి మొదలైంది. వర్జీనియా నిండా రిటైరైన సైనికుల ఇళ్ళే. ఎక్కడ సేల్ అంటే అక్కడికి శనివారం పొద్దున్నే డ్రైవ్ చేసుకుంటూ పోయేవాడు. కొన్నాళ్ళకి ఆన్‌లైన్‌లో కూడా బుక్ చేయడం మొదలుపెట్టాడు. నాజీల సైన్యం భోజనశాలల ప్లేట్లు, విమానదళం వాళ్ళ సూప్ గిన్నెలు, అడుగున పార గుర్తున్న కార్మికదళం కప్పులు, యంత్రాల్లో ఉండే పళ్ళచక్రం, దాని మధ్యలో స్వస్తిక్ ఉన్న లేబర్ ఫ్రంట్ గిన్నెలు. ఈ లేబర్ ఫ్రంట్ గురించి బావే నాకు చెప్పాడు. కార్మిక సంఘాలన్నిటినీ రద్దుచేసి, దేశంలో పనిచేసేవాళ్ళందరినీ తీసుకొచ్చి ఈ ఒక్క సంస్థలో కలిపేశారట. ఫ్యాక్టరీ క్యాంటీన్లలో పెట్టడానికి ఆ సంస్థే అందమైన, సాదా తెల్లటి గిన్నెలు డిజైన్ చేయించిందట.

"ఆ వంపు చూడు శ్యామూ. ఎక్కడా ఒక గీత ఎక్కువ లేదు. ఇది కదా డిజైన్ అంటే" అనేవాడు గిన్నెని దీపం కిందకి ఎత్తి.

నిజమే, అందంగానే ఉండేది. నాకు ఒళ్ళు మండింది అందుకే. బేస్‌మెంట్‌లో ఒక గదిని దీనికోసం ప్రత్యేకంగా కట్టించాడు. అద్దాల బీరువాలు, లోపల చిన్న చిన్న లైట్లు, తలుపుకి నంబర్ల తాళం. ఇంటికొచ్చినవాళ్ళు ఆ గదేమిటని అడిగితే సర్వర్ రూమ్ అని చెప్పేవాడు. ఊరినిండా డేటా సెంటర్లే ఉన్న ఆష్‌బర్న్‌లో ఆ మాట చెబితే రెండో ప్రశ్న ఎవరూ వేయరు.

"తప్పులేని పనైతే తాళమెందుకు బావా?" అని ఒకసారి అడిగేశాను.

"వీళ్ళకి అర్థం కాదు శ్యామూ, సెన్సిటివ్ టాపిక్. మనకేం సంబంధం చెప్పు. ఆ వార్ వాళ్ళదీ వాళ్ళదీ. మనం న్యూట్రల్. అసలు ఆ సింబల్ కూడా మనదే, వాళ్ళు ఎత్తుకుపోయారు."

న్యూట్రల్ అట. చచ్చినవాళ్ళు మన చుట్టాలు కాకపోతే న్యూట్రల్ అయిపోవచ్చన్నమాట. నేనా మాట పైకి అనేశాను కూడా. బావ నవ్వి, బీరువా తలుపు మెత్తగా మూసి, కాఫీ తాగుదాం పద అన్నాడు. ఆయనతో పోట్లాట పెట్టుకోవడం చేతకాదు, అదే నా బాధ.

ఇక ఐరీన్ సంగతి. ఐరీన్ పక్కింటావిడ. డెబ్భై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లలు ఎక్కడో కాలిఫోర్నియాలో. అత్తయ్యగారు వేసవికి వచ్చినప్పుడల్లా ఆవిడతో జత. ఈవిడకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ కాలిబాట పట్టుకుని నడిచేవాళ్ళు. ఒకరు మొక్కని చూపిస్తే ఇంకొకరు దాని పేరు తమ భాషలో చెప్పేవారు. మోకాళ్ళ నొప్పులకి భాష అక్కర్లేదు కదా, మోకాలు పట్టుకుని ముఖం చిట్లిస్తే చాలు. అత్తయ్యగారు ఆవిణ్ణి ఐరీనమ్మ అనేవారు. ఆవిడ ఈవిణ్ణి 'సుబా' అనేది.

వివరంగా ఏదైనా చెప్పుకోవాలంటే బావ మధ్యలో ఉండేవాడు. ఆవిడ ఇంగ్లీషుని ఈవిడకి, ఈవిడ తెలుగుని ఆవిడకి అందించడం ఆయన పని. కొడుకు నోటివెంట తన మాటలు ఇంగ్లీషై బయటికొస్తుంటే అత్తయ్యగారు గర్వంగా చూసేవారు. అమెరికాలో ఆవిడ సంపాదించుకున్న స్నేహం అదొక్కటే. కొడుకూ కోడలూ మీటింగుల్లో, మనవరాలు కాలేజీలో, మిగిలింది ఐరీనమ్మ. అత్తయ్యగారు పదో తరగతితో చదువు ఆపేసినా, పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి. ఎవరైనా తనని ఏమీ తెలియనిదానిలా చూస్తే మాత్రం ఓర్చుకోలేరు. ఐరీన్ ఎప్పుడూ అలా చూడలేదు.

మనవాళ్ళ పద్ధతి ఒకటుంది కదా, పక్కింటి గిన్నె వస్తే ఖాళీగా తిప్పి పంపకూడదని. ఐరీన్‌కి అది అత్తయ్యగారే నేర్పారు. కేకు వచ్చిన గిన్నెలో గారెలు వెళ్ళేవి, గారెలు వెళ్ళిన గిన్నెలో బంగాళదుంపలతో చేసిన ఏదో వంటకం వచ్చేది. రెండిళ్ళ మధ్య గిన్నెలు తిరుగుతూనే ఉండేవి.

మొన్న శ్రావణ శుక్రవారం నాడు అత్తయ్యగారు పులిహోర చేసి ఐరీనమ్మకి పంపాలనుకున్నారు. ఆవిడ గాజు గిన్నె మన దగ్గరే ఉంది, కానీ డిష్‌వాషర్‌లో అంచు విరిగింది. విరిగిన గిన్నె తిప్పి పంపడమేమిటి, బదులుగా మంచి గిన్నె ఒకటి ఇచ్చేద్దామని ఆవిడ ఆలోచన. వ్రతానికి పీట కోసం బేస్‌మెంట్‌లోకి దిగారు. సర్వర్ రూమ్ తలుపు బార్లా తీసి ఉంది. బావ అప్పుడే కొత్తగా వచ్చిన గిన్నెలు కడిగి తువ్వాలు మీద ఆరబెట్టి, ఆఫీసు కాల్ రావడంతో పక్కగదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. తెల్లగా, బరువుగా, మెరుస్తున్న గిన్నెలు. ఆవిడ ఒకటి తీసి కొడుక్కి చూపించి, తీసుకోనా అన్నట్టు సైగ చేశారు. చెవులకి హెడ్‌సెట్, కళ్ళు స్క్రీన్ మీద. బావ చూడకుండానే తల ఊపాడు.

పైకి తెచ్చి తిరగేశారు. కొడుక్కి ఆ అలవాటు చేసిందే ఆవిడ. అడుగున పళ్ళచక్రం, మధ్యలో స్వస్తికం. కాస్త వాలినట్టుంది, అచ్చు సరిగ్గా పడలేదేమో అనుకున్నారట. పండగపూట ఇవ్వబోయే గిన్నెకి స్వస్తికం ఉండడం శుభమే కదా. దానికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, పులిహోర నింపి స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చారు.

ఆదివారం నేను భోజనానికి వెళ్ళాను. భోజనాలయ్యాక అక్క కొట్టుకి వెళ్ళింది, మిగతావాళ్ళం కాఫీ తాగుతుండగా ఐరీన్ వచ్చింది. చేతిలో తువ్వాలు చుట్టిన గిన్నె. ముఖం పాలిపోయి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. గిన్నెని టేబుల్ మీద బోర్లించి తువ్వాలు తీసింది. గుర్తు మీద కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది.

"ఇది మీ ఇంట్లోకి ఎలా వచ్చింది?" అని అడిగింది ఇంగ్లీషులో.

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత నోరు తెరిచి, ఎంతో మర్యాదగా, ఎంతో నమ్మకంగా, తల్లి మీదకి తోసేశాడు. "అమ్మ ఏదో యార్డ్ సేల్‌లో కొనుక్కొచ్చింది ఐరీన్. తనకి తెలియదు. మా దేశంలో అది దేవుడి గుర్తు. పాపం పల్లెటూరి మనిషి, హిస్టరీ అవీ చదువుకోలేదు. సారీ" అన్నాడు.

అత్తయ్యగారు పక్కనే నిలబడి ఉన్నారు. కొడుకు ముఖం, ఐరీన్ ముఖం మార్చి మార్చి చూసి, "ఏమంటోందిరా? పులిహోరలో ఉప్పెక్కువైందా?" అన్నారు.

"లేదమ్మా, చాలా బాగుందట. గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది" అన్నాడు బావ.

ఐరీన్ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని అత్తయ్యగారి దగ్గరకి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. "ఒక్క క్షణం నేను ఏదేదో అనుకున్నాను, నన్ను క్షమించు సుబా, నీకేం తెలుసు" అంది ఇంగ్లీషులో. అత్తయ్యగారు నవ్వుతూ ఆవిడ చేతులు నిమిరి, "దానికేముంది, ఇంకోసారి చేసి పెడతాలే" అన్నారు. తప్పు చేయని ఒక మనిషి క్షమాపణ చెప్పుకుంటోంది, తప్పు చేయని ఇంకో మనిషి పులిహోర వాగ్దానం చేస్తోంది. చేసినవాడు మధ్యలో నిలబడి అటూ ఇటూ మాటలు అందిస్తున్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఐరీన్ వెళ్ళగానే నేను బావని వెనక డెక్ మీదకి లాక్కెళ్ళాను. వెనకే స్మృతి వచ్చింది. స్మృతి అక్కాబావల అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది, కాలేజీ తెరిచేలోపు ఇంటికొచ్చింది. తెలుగు మాట్లాడడం తక్కువ గానీ అంతా అర్థమవుతుంది.

"నాన్నా, నానమ్మ బై చేయలేదు కదా. నువ్వు ఎందుకు అట్లా చెప్పావు?" అంది.

"అది కాదు కన్నా, ఆంటీ అప్‌సెట్ అయింది. అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పాలి కదా. నానమ్మ ఇంకో నెలలో ఇండియా వెళ్ళిపోతుంది, తనకి ఏ ప్రాబ్లమూ లేదు. మనం ఇక్కడే ఉండాలి."

"నాకు సిగ్గుగా ఉంది" అంది స్మృతి. ఆ అమ్మాయి తెలుగులో అంత సూటిగా మాట్లాడడం నేను అదే చూడడం.

సిగ్గు బావకి మాత్రం లేదనలేను. ఆ వారమంతా సరిగ్గా తినలేదని, ఐరీన్ ఎదురుపడుతుందని చెత్తడబ్బా కూడా బయట పెట్టలేదని అక్క ఫోన్‌లో చెప్పింది. అప్పుడు ఆదివారం జరిగిందంతా నేను అక్కకి చెప్పాను. ఆ బొచ్చెల మీద ఎప్పుడూ మోజు లేని మనిషి, కాని మొగుడి సరదా కదా అని ఊరుకుంటూ వచ్చింది. "నేను అడిగితే గదికి తాళం వేసుకుంటాడు శ్యామూ. తనంతట తను చెప్పాలి" అంది చివరికి.

ఆయన చెప్పలేదు. ఈలోపు ఐరీన్ మరీ మంచిదైపోయింది, అదే భరించలేకపోయాం. నడకకి వచ్చినప్పుడు అత్తయ్యగారితో మాటలు ఒత్తి ఒత్తి, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడేదట. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకునేదట. ఒకరోజు లైబ్రరీనుంచి రెండో ప్రపంచ యుద్ధం గురించి పిల్లల బొమ్మల పుస్తకం తెచ్చి అత్తయ్యగారి చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి కొడుకు ముందు పెట్టారు.

"ఐరీనమ్మ నాకు పిల్లల పుస్తకం ఎందుకిచ్చిందిరా? మునుపు ఇలా ఉండేది కాదు. నేనేదో తెలివితక్కువ పని చేసినట్టు జాలిగా చూస్తోంది. నువ్వు నా గురించి ఏమైనా చెప్పావా?"

"ఏం లేదమ్మా, బొమ్మలు బాగున్నాయని ఇచ్చి ఉంటుంది" అన్నాడు బావ. తల్లి ముఖం చూడకుండా అన్నాడట.

ఆ శనివారం కూరగాయలు ఇచ్చిపోదామని వెళ్ళాను. ఐరీన్ మళ్ళీ వచ్చి ఉంది. ఈసారి వంటింటి టేబుల్ దగ్గర స్థిరంగా కూర్చుంది. చేతిలో ఒక పాత ఫోటో. పదహారేళ్ళ పిల్ల, రెండు జడలు, నవ్వని ముఖం. అత్తయ్యగారు ఎదురుగా కూర్చున్నారు, స్మృతి పక్కన, అక్క స్టవ్ దగ్గర. బావని ఐరీనే పిలిచి మధ్యలో కూర్చోబెట్టింది.

"సుబాకి మా అమ్మ గురించి చెప్పాలి. ఊరికే గిన్నె మొహాన కొట్టి వెళ్ళిపోవడం నాకు బాగనిపించలేదు. ఎందుకో తనకి తెలియాలి కదా. నువ్వు ప్రతి మాటా చెప్పు, వేణూ" అంది.

ఆవిడ ఒక్కో వాక్యమే చెప్పి ఆగేది. బావ తెలుగులో చెప్పేవాడు. ఈ అమ్మాయి హెలెనా, ఐరీన్ వాళ్ళమ్మ. ఊరు పోలండ్‌లో. సంతకి వెళ్ళిన రోజున దారిలోనే జర్మన్ సైనికులు పట్టుకుని రైలెక్కించారు. జర్మనీలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అంట్లు తోమే పనిలో పెట్టారు. పోలండ్ వాళ్ళని తెలిసేలా గుండెల మీద అక్షరం కుట్టిన గుడ్డ తగిలించుకోవాలి. చలికాలం కూడా చన్నీళ్ళే. చేతులు పగిలి నెత్తురు కారేవి.

అత్తయ్యగారు ఫోటో చేతిలోకి తీసుకున్నారు. "అయ్యో తల్లీ, ఇంత పిల్లనా" అన్నారు.

తోమేవన్నీ తెల్ల గిన్నెలు. వాటిలో ఇలా పట్టితెచ్చిన పిల్లలకి తిండి పెట్టేవారు కాదు, వీళ్ళకి రేకు డబ్బాలు. ఒకరోజు చేతులు కొంకర్లు పోయి గిన్నెల దొంతర జారిపడి పగిలిపోయింది. ఎంత కొట్టారంటే ఎడమ చెవి వినికిడి పోయింది. అమెరికా వచ్చాక బతికినన్నాళ్ళూ ఆవిడ ఇంట్లో తెల్ల ప్లేటు పెట్టనివ్వలేదు. ప్రతి గిన్నె అడుగునా ఉండే పళ్ళచక్రం గుర్తుని కాగితం మీద గీసి చూపించి, ఇది కనిపిస్తే నాకు ఇప్పటికీ వీపు మండుతుందని కూతురికి చెప్పింది.

ఇంతవరకూ బావ చెబుతూనే ఉన్నాడు. పళ్ళచక్రం దగ్గర ఆగాడు. ఐరీన్ ఎదురుచూస్తుంటే ఆ వాక్యం కూడా చెప్పాడు.

అత్తయ్యగారు ఫోటో టేబుల్ మీద పెట్టేశారు. ఆవిడకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

"నేను పంపిన గిన్నె అదేనా?" అన్నారు. "దానికి బొట్టు కూడా పెట్టాను కదరా."

బావ తల దించుకున్నాడు. ఆవిడ లేచి టేబుల్ చుట్టూ తిరిగి వెళ్ళి ఐరీన్ భుజాల మీద చేతులు వేసి, కొడుకుతో అన్నారు: "చెప్పు. నాకు తెలియదని చెప్పు. మా అబ్బాయి కింద గదిలో దాచుకున్న సామాన్లోంచి తీసి పంపానని చెప్పు. ఇంకా బీరువాలనిండా ఉన్నాయి, అవేమిటో వాడికీ తెలిసి ఉండదు, తెలిస్తే ఇంట్లో పెట్టుకునేవాడు కాదు. అన్నీ తీసేయిస్తానని చెప్పు."

ఐరీన్ బావ వైపు చూసింది. "ఏమంటోంది?"

"సారీ అంటోంది" అన్నాడు బావ.

అన్ని మాటలకి ఒక్క మాట. ఐరీన్‌కి కూడా అనుమానం వచ్చి ఉండాలి, కనుబొమలు ముడిచింది.

"నాన్నా, ఫుల్‌గా చెప్పు" అంది స్మృతి.

అత్తయ్యగారు మనవరాల్ని, కొడుకుని చూశారు. ఎన్ని గిన్నెలకి ఎన్ని పేర్లు చదివించుకున్నారో ఆ కొడుకుతో, ఆ ముఖాన్ని చదవలేరా. "ఏం దాస్తున్నావురా వేణూ?" అన్నారు మెల్లగా.

బావ తెలుగులోనే చెప్పాడు. చెబుతున్నంతసేపూ టేబుల్ చెక్కనే చూస్తున్నాడు. "నువ్వు కొన్నావని చెప్పానమ్మా ఆ రోజు. నీకేమీ తెలియదని చెప్పాను. అవి నావే. అవేమిటో నాకు మొదటినుంచీ తెలుసు."

వంటింట్లో స్టవ్ మీద ఏదో మరుగుతుంటే అక్క దాన్ని కట్టేసింది. అత్తయ్యగారు తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, కొడుకు పక్కకి వచ్చి గొంతు తగ్గించి అన్నారు:

"అయితే అలాగే ఉండనియ్యి. నేనే కొన్నాననుకోనీ. నాకు తెలియదు కాబట్టి నన్ను క్షమిస్తుంది. నీకు తెలుసు కదరా, నిన్నెలా క్షమిస్తుంది?"

మా బావ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఏడుపు కూడా కాదది, ఊపిరందనట్టు రెండుసార్లు ఎగపీల్చాడు. ఇన్నాళ్ళూ ఎవరికో జరిగింది మనకేమని బీరువాలో పెట్టుకున్న తప్పుని ఇప్పుడు కన్నతల్లి తన నెత్తిన వేసుకుంటానంటోంది. ఆయన తన మీద వేసిన నిందని కాదనకుండా మోస్తానంటోంది.

"వేణూ, ఏమంది తను?" అని మళ్ళీ అడిగింది ఐరీన్.

ఈసారి బావ తల ఎత్తాడు. అమ్మ అన్న మాటలు ఒక్కటీ తగ్గించకుండా, ఒక్కటీ మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాడు. తర్వాత తను ఆ రోజు చెప్పింది అబద్ధమని, గిన్నెలన్నీ తనవేనని, అమ్మ తీసుకోనా అని సైగ చేసి అడిగితే చూడకుండా తల ఊపింది కూడా తనేనని చెప్పాడు.

ఐరీన్ లేచి అత్తయ్యగారి చెయ్యి పట్టుకుంది. పిల్లల చెయ్యి పట్టుకున్నట్టు కాదు, తోటి మనిషి చెయ్యి పట్టుకున్నట్టు. "చూపించు" అంది బావతో.

అందరం బేస్‌మెంట్‌లోకి దిగాం. బావ నంబర్లు నొక్కి తలుపు తీశాడు. లైట్లు వాటంతటవే వెలిగాయి. అద్దాల వెనక వరసలు వరసలుగా తెల్లటి ప్లేట్లు, కప్పులు, గిన్నెలు, కొన్ని గుర్తులు కనబడేలా బోర్లించి. ఆ గదిలో నేను చాలాసార్లు నిలబడ్డాను, కాని ఆ రోజే దాన్ని చూశాను. ఐరీన్ ఒక్కో బీరువా ముందు ఆగుతూ నడిచింది. దేన్నీ ముట్టుకోలేదు.

బావ బీరువా తెరిచి చేతికందిన గిన్నె తీశాడు. "అన్నీ పగలగొట్టేస్తాను. ఇప్పుడే, మీ ముందే" అన్నాడు. నిజంగానే కొట్టేసేవాడు, చెయ్యి ఎత్తాడు కూడా.

ఐరీన్ వద్దన్నట్టు అరచెయ్యి చూపించి అలిసిపోయిన గొంతుతో ఇంగ్లీషులో రెండు మాటలు అంది. అనేసి మెట్లవైపు తిరిగింది.

అత్తయ్యగారు అలవాటుగా బావ ముఖంలోకి చూశారు. చూసి, ఆగిపోయి, మనవరాలి వైపు తిరిగారు. "ఏమంటోందే అమ్మా?" అని అడిగారు.

స్మృతి కాసేపు మాటలు వెతుక్కుంది.

"బ్రేక్ చేయొద్దు అంటోంది నానమ్మా. వాళ్ళమ్మ బ్రేక్ చేస్తే కొట్టారు అంట. నాన్నకి ఎవరూ కొట్టరు కదా అంటోంది."

బావ గిన్నెని ఎక్కడినుంచి తీశాడో అక్కడే పెట్టాడు.